నిన్నటి చక్రాల జాడ

జీపు మామ పోయాడని పోయిన మంగళవారం పొద్దున అత్త ఫోన్ చేసి చెప్పింది. పిండి గిర్నీ ఆపేసి బచేలీ గనిలో పనిచేసే నా స్నేహితుడు సూరిబాబుకి ఫోన్ కలిపాను. "మామ పోయాడ్రా" అన్నాను. "సిగ్గులేదేట్రా నీకు? సావు మీద కూడా ఎకసెక్కాలేటి?" అని ఫోన్ పెట్టేశాడు. పంచాయతీ సెక్రటరీ మల్లేశ్‌కి చేస్తే వాడు తిట్టను కూడా తిట్టలేదు, పెద్దగా నవ్వాడు. అరగంట తర్వాత ఇంకెవరో చెప్తే నమ్మి, ఇద్దరూ ఏడుస్తూ తిరిగి చేశారు. నలభై ఏడేళ్ళుగా నేను సంపాదించుకున్న పేరు అది. నా నోటి నుంచి వస్తే చావు కబురు కూడా చెల్లదు.

మామ మంచం మీద పోయాడు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడట. ముప్ఫై ఏళ్ళు బీజాపూర్ నుంచి తర్లగూడ దాకా, రోడ్డున్న చోటా లేని చోటా జీపు నడిపిన మనిషికి అలాంటి చావు దొరకడం ఈ ప్రాంతంలో చిన్న విషయం కాదు. మీలో చాలామంది ఆ జీపు ఎక్కే ఉంటారు. మీకు తెలిసిన సంగతులు మీరు చెప్పుకోండి. నేను మాత్రం మూడేళ్ళుగా దాచిన ఒక సంగతి రాయడానికి కూర్చున్నాను. తొమ్మిదో తరగతి తప్పినవాణ్ణి, తప్పులుంటే సర్దుకోండి.

మామ జీపులో ఒక పద్ధతి ఉండేది. తారు రోడ్డు మీద ఎక్కడైనా కూర్చోవచ్చు. మట్టి దారిలోకి దిగేముందు మాత్రం బండి ఆపి, పక్క సీట్లో ఉన్నవాణ్ణి వెనక్కి పంపేవాడు. తహసీల్ సాబ్ అయినా సరే. "ఏంది మామా, ఆ సీట్ల మా అత్తను కూసోబెడ్తవా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. "మీ అత్త నీ లెక్క బుద్ధిలేనిది గాదు" అనేవాడు. ఆ తర్వాత దిగి, దారి మొదట్లో గొంతు కూర్చుని మట్టిని చూసేవాడు. నిన్న పోయిన ట్రాక్టరు జాడ ఉంటే దాని మీదే చక్రం పెట్టి నడిపేవాడు. జాడ పక్కన మెత్తగా, చదునుగా, పరుపులా ఉన్న నేల కనిపించినా అటు పోడు. గుంతలో పడి నడుములు విరిగినా సరే, జాడ వదలడు. మేం వెనకాల నుంచి ముసలి ఎద్దు అని వెక్కిరించేవాళ్ళం. ముందు చక్రం కింద నేలలో పూడ్చిందేదైనా పేలితే మొదట పోయేది ముందు సీటు అని మాలో ఒక్కడికీ తట్టలేదు. తట్టినా పైకి అనుకోలేదేమో. మా దగ్గర కొన్ని మాటలు పైకి అనరు.

మూడేళ్ళ కిందట ఎండాకాలంలో సూరిబాబు సెలవు మీద వచ్చాడు. వాడి ఫోన్ నిండా ఎడారి వీడియోలే. ఇసుకలో జీపులు, డేరాలు, నిప్పు చుట్టూ స్నేహితులు. "మనం కూడా అలా పోవాల్రా" అని ఒకటే పోరు. రాజస్థాన్ దాకా పోవడమెందుకు, మే నెలలో మన ఇంద్రావతిని చూస్తే ఎడారి సిగ్గుపడుతుంది అన్నాను. ఒడ్డు నుంచి నీటి పాయ దాకా నడిస్తే కాళ్ళు బొబ్బలెక్కేంత ఇసుక. తారు రోడ్డు నుంచి ఏటికి అడవిలో ఎనిమిది కిలోమీటర్ల కచ్చా దారి. మామ మొదట రానన్నాడు. "ఇప్పుడంతా శాంతి అయింది మామా, పోలీసు క్యాంపులు పడ్డయి, రోడ్లు పడ్డయి" అని మల్లేశ్ సర్కారు భాషలో నచ్చజెప్పాడు.

"పెట్టినోళ్ళు పోయిండ్రు. పెట్టినయి ఎటు పోయినయ్?" అన్నాడు మామ.

అయినా వచ్చాడు. మేము వేరే బండి మాట్లాడుకుంటామన్న భయంతో వచ్చాడని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ దారిలో ట్రాక్టరు జాడ సగం దాకే ఉంది. అక్కడి నుంచి మామ బండి ముందు తాను నడిచి, నేల చూసి, వెనక్కి వచ్చి కొంచెం నడిపి, మళ్ళీ దిగి, ఎనిమిది కిలోమీటర్లకు మూడు గంటలు తీసుకున్నాడు. ఇసుకలోకి దిగాక గాని నవ్వలేదు. "ఏరు ఏటేటా కడుగుతది. ఇసుకను నమ్మొచ్చు. గట్టెక్కొద్దు. రేపు పోయేది గూడ ఈ జాడ మీదనే" అని వేలు చూపించాడు. చీర కట్టి డేరా వేశాం, కోడి వేపుడు తిన్నాం. సూరిబాబు వంద ఫొటోలు తీశాడు.

నాకేమో చేతులు దురద. పొద్దున ఇంకా మసక వీడక ముందే లేచాను. మా ఇంటి స్టీలు టిఫిన్ డబ్బా, అడుగున నాలుగు కోడి ముక్కలతో సహా తీసుకున్నాను. జీపు పెట్టెలో ఎర్ర కరెంటు వైరు ముక్క దొరికింది. జాడ గట్టెక్కే చోట గరిటెతో తవ్వి డబ్బా పూడ్చి, జానెడు వైరు బయటికి వదిలాను. సూరిబాబు చెంబు పట్టుకుని అటు వస్తాడు, వైరు చూస్తాడు, చెంబు ఎటో మనిషి ఎటో. ఆ బొమ్మ తలుచుకుంటూ నాలో నేను నవ్వుకున్నాను. వాడు మామ మాట విని ఇసుకలోనే పని కానిచ్చాడు. పోనీ, జీపులోంచి చూస్తాడులే అని ఊరుకున్నాను.

ఎండ చురుక్కుమనేసరికి బయలుదేరాం. గట్టుకు ఇరవై అడుగుల ముందు జీపు ఆగింది. మామ ఇంజన్ ఆపాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ఎన్క నుంచి దిగుండ్రి. చక్రాల జాడలనే అడుగేసుకుంట నీళ్ళకాడికి పోయి కూసోండి. ఉరకొద్దు."

సూరిబాబు చూశాడు. అరవలేదు. నేను అనుకున్నట్టు ఏదీ జరగలేదు. తెల్లబడిన పెదాలతో వెనక నుంచి దిగి, మల్లేశ్ చెయ్యి పట్టుకుని చక్రాల జాడలో అడుగేశాడు.

నేను పకపకా నవ్వాను. "మామా, అది నా డబ్బా! పొద్దుగాల నేనే పెట్టిన."

మామ నా వైపు చూశాడు. "వైరు ఏ రంగు?"

"ఎర్రది."

"ఎంత ఇడిచినవ్?"

"జానెడు."

"చూడు."

చూశాను. అక్కడున్నది మూరెడు పైనే. బూడిద రంగు. పాము కుబుసంలా వంకరగా జాడకు అడ్డంగా పడి ఉంది. నేను చదును చేసిన మట్టి చదునుగా లేదు. పక్కన ఇంకోచోట కూడా నేల కదిలినట్టుంది. నా నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలియదు. పొద్దున ఆ మసకలో గరిటెతో గుచ్చిన ప్రతి పోటూ అరచేతికి గుర్తొచ్చింది. గరిటెకు ఒకచోట టంగుమని రాయి తగిలింది. రాయేనా?

"నీదా, కాదా? ఒక్క మాట చెప్పు" అన్నాడు మామ.

"నాదే అనుకుంటున్న మామా."

"అనుకుంటే జీపెక్కదు బిడ్డా. మనకున్నది నిన్నటి జాడ ఒక్కటే. దాన్నే తవ్వి పెట్టినవ్."

నీళ్ళ వైపు పోతున్న సూరిబాబు ఆగి కేకేశాడు. "జీపు ఒగ్గీసి ఏటి ఎంబడే నడిసి పోదాం మావా! పేణం ముఖ్యం!"

నాకూ అదే నయమనిపించింది. మామ తల అడ్డంగా ఊపాడు. "బీడీల తునికాకు తెంపే దినాలు. ఇంకో గంటకు ఆడోళ్ళు ఈ దారినే దిగుతరు. వైరు చూసి జాడ ఇడిచి పక్కకు పోతరు. పక్కన ఏమున్నదో నీకెర్కనా, నాకెర్కనా?"

చెప్పులు విడిచాడు. "నేను అడుగు తీసినకాడ నువ్వు అడుగు పెట్టు. నీ డబ్బా నువ్వే గుర్తు పట్టాలె."

ఇరవై అడుగులు. మామ వీపు మీద బనియన్ తడిసి అతుక్కుపోయింది. ముందు ఆయన మడమ లేస్తుంది, ఆ గుంతలో నా పాదం పడుతుంది. వైరుకు మూడడుగుల దూరంలో ఆయన జాడ మీద బోర్లా పడుకున్నాడు. నన్నూ పడుకోమన్నాడు. చెయ్యి చాపలేదు. కట్టె పెట్టి కదిలించలేదు. పాకి దగ్గరకు పోయి, పొయ్యిలో నిప్పు ఊదినట్టు ఊదడం మొదలుపెట్టాడు. మెల్లగా. ఆగి, ఊపిరి పీల్చి, మళ్ళీ మెల్లగా.

వైరు మీద దుమ్ము లేచింది. కింద ఎరుపు కనిపించింది. నేను లేవబోయాను. "ఎర్ర వైరు నీ ఒక్కనికే అమ్మిండ్రా?" అని మోచేత్తో నొక్కి పట్టాడు.

మళ్ళీ ఊదాడు. వైరు కొస దగ్గర గోళ్ళతో గీరిన గుర్తులు బయటపడ్డాయి. చిన్న పంజా. నక్క. కోడి వాసనకు వచ్చి వైరంతా బయటికి లాగి, పక్కన కూడా తవ్వి పోయింది. అయినా మామ ఆగలేదు. మట్టి తొలగి స్టీలు తళుక్కుమంది. పెళ్ళిలో పెట్టిన సామాను కదా, మూత మీద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కించి ఉంటుంది. మామకు హిందీ అక్షరాలొచ్చు, తెలుగువి రావు.

"చదువు" అన్నాడు.

కళ్ళలో చెమట. అక్షరాలు ఈదుతున్నాయి. "స..." అన్నాను.

"మొత్తం చదువు."

ఇంకోసారి ఊదాడు. "రో..." మళ్ళీ ఊదాడు. "జ. సరోజ. నా పెళ్ళాం పేరు మామా. మా డబ్బానే."

బళ్ళో ఏ పంతులూ నా చేత అంత శ్రద్ధగా చదివించలేదు.

మామ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. డబ్బా తీసి నా చేతికిచ్చి, గుంత పూడ్చి, దాన్ని పాదంతో తొక్కి గట్టి చేశాడు. "నవ్వబుద్ధయితే నన్ను చూసి నవ్వు. నా మూతి చూసి నవ్వు. దారితోని పరాచికాలొద్దు" అన్నాడు. అంతే. ఆ మాట తర్వాత మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. అత్తకూ చెప్పలేదని మొన్న మూడో దినం నాడు తెలిసింది. నేనే చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని విని, "గందుకేనా ఆ వారమంత అన్నం ముట్టలే" అంది. దారిలో వైరు ముక్క పెట్టినవాణ్ణి ఈ జిల్లాలో పోలీసులు ఏం చేస్తారో మీకు తెలుసు. మామ ఎక్కడో ఒక మాట జారి ఉంటే నేను ఇవాళ గిర్నీ నడుపుతూ ఉండేవాణ్ణి కాదు. క్షమించమని అడగడానికి రెండుమూడుసార్లు వాళ్ళింటికి పోయాను. పోయిన ప్రతిసారీ ఏదో జోకేసి, చాయ్ తాగి వచ్చేశాను. అడగడం నాకు చేతకాలేదు.

ఆ రోజు వాళ్ళిద్దరూ తిరిగొచ్చి ఎక్కాక, తిరుగు దారిలో తునికాకు ఆడవాళ్ళు సంచులు భుజాన వేసుకుని ఎదురొచ్చారు. మామ జీపు ఆపి, దారి బాగానే ఉందని వాళ్ళకు గోండీలో చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంది. గేరు మీద చెయ్యి కూడా మామూలుగానే ఉంది. ఈయనకు భయమంటే తెలియదనుకున్నాను. ఎనిమిది కిలోమీటర్లూ అలాగే అనుకున్నాను.

తారు రోడ్డు ఎక్కగానే బండి దానంతటదే ఆగినట్టు ఆగింది. మామ దిగాడు. రెండడుగులు వేసి నడిరోడ్డు మీద కూలబడ్డాడు. మే నెల మిట్టమధ్యాహ్నం, తారు మెత్తబడి మెరుస్తోంది. ఆ తారు మీద రెండు అరచేతులూ ఆనించి, పసిపిల్లాడిని తడిమినట్టు తడుముతున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆయన ముందు సీటు ఖాళీ చేయించిన ప్రతి రోజూ లోపల ఇలాగే ఉండేదని అప్పుడు అర్థమైంది. బీజాపూర్ నుంచి వచ్చే బస్సు ఎదురుగా వచ్చి ఆగింది. హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. చేతులు కాలుతాయి లే మామా అని నేను చంకల కింద పట్టి లేపబోయాను. ఆయన లేవలేదు. అరచేతులు తియ్యలేదు.