గ్రహణం నాటి లైన్ క్లియర్

ఏడో తరగతిలో నేను రెండేళ్లు కూర్చున్నాను. మూడో ఏడు కూడా కూర్చుంటే బెంచీ అరిగిపోతుందని హెడ్మాస్టరు మా నాయనను పిలిచి, నన్ను ఇంటికి తోలుకుపొమ్మన్నారు. కరెంటు డిపార్టుమెంటులో మాత్రం నా తల సంగతి ఎవరూ అడగలేదు. కాళ్లు స్తంభాన్ని పట్టుకుంటాయా లేదా అని చూశారు, అంతే. అలా హెల్పరుగా చేరి, 1980 ఫిబ్రవరి నాటికి నెక్కొండ సెక్షనులో అసిస్టెంట్ లైన్‌మన్‌నయ్యాను. హెల్పరు కింద నిలబడి సామాను అందిస్తాడు. అసిస్టెంట్ లైన్‌మన్ పైకెక్కుతాడు. లైన్‌మన్ ఎట్లా ఎక్కాలో చెబుతాడు. ఆపైన ఉన్నవాళ్లు ఇంకా ఎందుకు దిగలేదని అడుగుతారు.

మా సబ్‌స్టేషన్‌లో సుదర్శనం అనే ఆపరేటరు ఉండేవాడు. బి.ఏ. చదివినవాడు, సుబేదారి నుంచి రైల్లో వచ్చి డ్యూటీ చేసి పోయేవాడు. గంటగంటకూ మీటర్లు చూసి రాయడం, చెప్పినప్పుడు ఫీడరు, అంటే ఊళ్లకు కరెంటు మోసే లైను, తీయడం, వేయడం అతని పని. మిగిలిన సమయంలో నవల రాసేవాడు. ఆ రోజుల్లో వారపత్రికలు తెరిస్తే మంత్రగాళ్లూ శ్మశానాలే. సుదర్శనం మాత్రం నెత్తురు తాగే ఒకదాని మీద రాస్తున్నాడు. వినే దిక్కు నేనొక్కణ్నే.

"ఇంగ్లీషోళ్ల కథలల్ల నెత్తురు తాగెటోడు సచ్చి లేస్తడు, కోటల ఉంటడు. అసలు మొదలు అది కాదు ఐలయ్యా," అన్నాడొకరోజు. "గ్రీకోళ్ల పురాణంల ముందుగాల ఏం లేకుండె. నోరు తెరిసిన గుంత లెక్క ఒక శూన్యం. దాంట్లకెల్లి ఎరెబస్ అనే చీకటి, నిక్స్ అనే రాత్రి పుట్టినయ్. ఆ రాత్రి మొగడు లేకుండనే పిల్లల్ని కన్నది. నిద్ర, సావు, ఇంక కేరెస్ అని నల్లటి ఆడోళ్లు. యుద్ధంల పడ్డోని మీద వాలి, గోర్లు దింపి నెత్తురు తాగుతరు."

"మొగడు లేకుండ అంతమందా? మా ఊర్లయితే పంచాయితి పెడుదురు సారూ."

"నువ్వు నవ్వు. ఎలుతురు పుట్టకముందటి చీకటి జరంత ఏడనో మిగిలి ఉంటది. దానికి ఎచ్చదనం లేదు. అందుకే నెత్తురు కావాలె. నా నవలల అది పగటీలి వస్తది."

"పగటీలి ఎట్లొస్తది?"

"గ్రహణం నాడు," అన్నాడు. చెప్పినవాడే ఒకసారి కిటికీ వైపు చూసుకున్నాడు.

నిజం గ్రహణం ఆ నెలలోనే ఉంది. మా వైపు దాదాపు నిండుగా పడుతుందని రేడియోలో చెప్పారు. జనం భయపడకుండా ఆ కాసేపు ఊళ్లలో వీధి దీపాలు వెలిగించాలని మా సెక్షన్ ఆఫీసరు ఆర్డరు వేశారు. ఊరూరా డప్పు కొట్టి చాటించారు. సరిగ్గా ఆ రోజు మధ్యాహ్నమే పదకొండు వేల వోల్టుల లైను మీద ఒక ఇన్సులేటరు, అదే తీగను మోసే పింగాణీ కప్పు, పగిలి ఫీడరు పడిపోయింది, ఊళ్లలో కరెంటు పోయింది. లైన్‌మన్ సెలవులో ఉన్నాడు. నేనూ హెల్పరు కొమురయ్యా బయలుదేరాం.

పని మొదలుపెట్టేముందు లైన్ క్లియర్ తీసుకోవాలి. మేం ఎల్సీ అంటాం. ఆపరేటరు ఫీడరు ఆపి, యార్డులో స్విచ్చి తెరిచి తాళం వేసి, "మనుషులు పనిచేయుచున్నారు" అన్న బోర్డు తగిలించి, ఎల్సీ ఇస్తాడు. అది తీసుకున్న మనిషే తిరిగి వచ్చి ఇవ్వాలి. ఇచ్చేదాకా ఆ లైనుకు కరెంటు వదలకూడదు. తీగ మీద ఉన్నవాడి ప్రాణం ఆ తాళంచెవి ఉన్న జేబులో ఉంటుంది. రూలు ప్రకారం పనిచేసే చోటుకు రెండు పక్కలా, పొరపాటున కరెంటు వస్తే నేలలోకి పోయేలా, ఎర్తు రాడ్లు తగిలించాలి. మా దగ్గరున్నది ఒక పాత గొలుసు. అదే వేసి ఎక్కాను.

కప్పును పట్టి ఉంచే పాత పిన్ను తుప్పుపట్టి ఎంతకూ రాలేదు. అది ఊడి కొత్త కప్పు కూర్చునేసరికి ఎండ రంగు మారింది. మబ్బు లేదు, సాయంత్రం కాలేదు, వెలుతురు మాత్రం బూడిద కలిపినట్టయింది. గాలి చల్లబడింది. కొంగలు బారుగా చెట్ల వైపు పోతున్నాయి. కింద కొమురయ్య తువ్వాల తలమీదుగా కప్పుకొని స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు.

"దిగే అన్నా. రేపు జేసుకుందాం."

"తీగ కట్టకుండ దిగితే కింద పడ్తదిరా. జరాగు."

అప్పుడు ఊరి నుంచి నలుగురైదుగురు మగవాళ్లు చేనుకడ్డంగా సబ్‌స్టేషన్ వైపు ఉరకడం కనబడింది. ఎందుకో అర్థమైంది. దీపాలు వస్తాయని డప్పు కొట్టించాం, లైను ఆపి ఉంది కనుక రాలేదు. కొమురయ్యను పోయి చూడమన్నాను. తువ్వాల కదల్లేదు.

నా రెండు చేతుల్లో తీగ ఉంది. అటు గదిలో ఒంటరిగా సుదర్శనం, తన కథకు తానే జడిసే మనిషి. గేటు దగ్గర భయంతో వచ్చిన జనం. గుంపు గద్దిస్తే కాదనగలడా? చీకటి కమ్ముతుంటే వెలుతురు కావాలని అతనికి మాత్రం ఉండదా? పడమటి నుంచి నీడ చేను మీదుగా వస్తోంది. ఆ నల్లటి ఆడవాళ్ల మాట గుర్తొచ్చింది. ఎగతాళి చేద్దామంటే నోట్లో తడి లేదు.

ఉన్నట్టుండి సబ్‌స్టేషన్‌లో దీపం వెలిగింది.

అయిపోయింది అనుకున్నాను. చేతులు తీగకు అంటుకుపోయాయి. తీయాలని తెలుసు, రావడం లేదు. అది యార్డు దీపమనీ, దాని సప్లై వేరే అనీ నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ తెలివి తల నుంచి వేళ్లదాకా రావడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఆ వేళ్లతోనే తీగ కట్టాను. ఎట్లా కట్టానో ఇప్పటికీ చెప్పలేను.

దిగి, గొలుసు తీసేసి, సబ్‌స్టేషన్‌కు పోయేసరికి వెలుతురు తిరిగి వస్తోంది. వచ్చినవాళ్లు గోడవారగా కూర్చుని ఉన్నారు. కిటికీ అద్దం పగిలి ఉంది. తలుపుకు లోపల గడియ.

"సారూ, ఐలయ్యను. ఎల్సీ వాపసు."

"కొమురయ్య దిగిండా?"

"వాడు ఎక్కనే లేదు సారూ. నా పక్కకే ఉన్నడు."

"వాన్ని మాట్లాడమను."

కొమురయ్య మాట్లాడాడు. అప్పుడు గడియ తీశాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎల్సీ కాగితం మీద సంతకం పెట్టాడు. గోడవార ఉన్న పెద్దాయన అప్పుడు నోరు విప్పాడు. "తిట్టినం, రాయేసినం. ఆఫీసరు సుత ఫోన్ల గట్టిగనే మొత్తుకున్నడు, మాకు బయటికి ఇనవడ్డది. తంబం మీద మనిషున్నడు అనుడు తప్ప వేరే మాట రాలే ఈయన నోట్లకెల్లి."

సుదర్శనం యార్డులోకి పోయాడు. తాళం తీసి, ఫీడరు వేశాడు. పట్టపగలు వీధి దీపాలు వెలిగాయి.

ఆ తర్వాత చాలామంది ఆపరేటర్ల దగ్గర ఎల్సీ తీసుకున్నాను. ధైర్యస్థుడైతే "ఇంతసేపటికి దిగే ఉంటాడు" అనుకుంటాడు. భయస్థుడు అలా అనుకోలేడు, మనిషి గొంతు వినేదాకా ఆగుతాడు. నేను ఎక్కే స్తంభానికి ఆ రెండోవాడే కావాలని ఆ రోజు తెలుసుకున్నాను.

కొన్ని రోజులకు నెక్కొండ ప్లాట్‌ఫారం మీద చాయ్ తాగుతుండగా నా నోరు ఊరుకోలేదు.

"ఏమైతేంది సారూ, నువ్వు పుట్టిచ్చిన దయ్యానికి నువ్వే గడియ పెట్టుకుంటివి."

సుదర్శనం చాయ్ ఊదుకుంటూ అన్నాడు. "దాన్ని పుట్టిచ్చింది నేను ఐలయ్యా. అది సచ్చినా మళ్ల రాసుకుంట. నిన్ను పుట్టిచ్చినోళ్లు వేరే. నువ్వు పోతే మళ్ల రాసుడు నాతోని గాదు."