అకౌంట్ ఇవ్వు, ఫోల్డర్లు వద్దు

2018లో నేను రియాద్‌లోని మలాజ్‌లో ఒక మెయింటెనెన్స్ కాంట్రాక్టు కంపెనీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. ఆఫీసు ఫైళ్లన్నీ ‘నాస్’ అనే స్టోరేజీ పెట్టెలో ఉండేవి. ఎవరికి ఏ ఫోల్డరు తెరుచుకోవాలో, ఏది తెరుచుకోకూడదో పర్మిషన్లు పెట్టడం నా పని.

నితాఖత్ లెక్క ప్రకారం ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలి. తక్కువైతే మా ఇకామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యూ కావు. దానికి తోడు విదేశీయుల మీద తలకింత అని లెవీలు. డ్రాయింగుల ఫోల్డర్లు చూసే గంగాధర్ అన్నది జగిత్యాల వైపు. కుటుంబం మీద పడిన లెవీ భరించలేక ఆ ఏడాదే భార్యను, కూతుర్ని ఇంటికి పంపేసి బ్యాచిలర్ గదిలో చేరాడు.

ఒకరోజు మేనేజర్ నన్ను పిలిచాడు. “గంగాధర్ ఇకామా ఇక రెన్యూ చేయం. అతని స్థానంలో సౌదీ అమ్మాయి వస్తోంది. అకౌంట్ ఇవ్వు. ఫోల్డర్లు వద్దు.”

“ఫోల్డర్లు లేకుండా పనెలా చేస్తుంది సార్?”

“పని ఎవరు చెయ్యమన్నారు? సౌదీల లెక్కకు పేరుంటే చాలు.”

నూఫ్ వచ్చింది. చదువయ్యాక మొదటి ఉద్యోగమట. కొన్నాళ్లు ఊరికే కూర్చుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో అడిగింది. “ఏది తెరిచినా పర్మిషన్ లేదంటోంది. నేనేమైనా తప్పు నొక్కుతున్నానా?”

“మీ తప్పేం లేదు” అన్నాను.

గంగాధర్ అన్నకు తన సంగతి అప్పటికే తెలుసు. అయినా ఆ అమ్మాయి మీద కోపం లేదు. “నా బిడ్డ గూడ రేపు నౌకరికి పోతది తమ్మీ. గిట్ల ఊకె కూసోబెడితె మనిషి ఏమైతది?” అన్నాడు. తన కంప్యూటర్ పక్కన ఆమెకు కుర్చీ వేశాడు. డ్రాయింగు మారినప్పుడల్లా దాని నంబరు చివరి రివిజన్ అక్షరం ఎలా మారుతుందో, పాతది సైటుకు పోకుండా ఎక్కడికి నెట్టాలో వచ్చీరాని అరబ్బీలో చెప్పడం మొదలుపెట్టాడు. నూఫ్ శ్రద్ధగా వినేది, మళ్లీ మళ్లీ అడిగేది.

అది మేనేజర్ కంటపడింది. “పని నేర్చుకుంటే ఇప్పుడిచ్చేది చాలదని రేపు పూర్తి జీతం అడుగుతుంది” అని నాతో అన్నాడు. “గంగాధర్ అకౌంట్ ఇప్పుడే డిసేబుల్ చెయ్.” అంటే అకౌంట్ ఉంటుంది, లోపలికి మాత్రం పోనివ్వదు.

నా సీట్లోంచే చేయవచ్చు. కానీ లేచి ఆయన దగ్గరికి వెళ్లాను.

“అన్నా, నీ అకౌంట్ బంద్ చేయమన్నరు.”

ఆయన తెర వైపు తిరిగాడు. “ఒక్క నిమిషం ఆగు. ఫైలు తెరిచి ఉంది. గిట్లనే ఆపితె వేరేటోళ్లకు లాకైతది.” సేవ్ చేసి, మూసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. “ఇగ చెయ్.”

పక్క కుర్చీలో ఉన్న నూఫ్‌కు విషయం ఇంగ్లీషులో చెప్పాను. “నా వల్లేనా?” అంది.

“నో, సిస్టర్” అన్నాడు ఆయన. ఆమె నమ్మలేదు. నేరుగా మేనేజర్ గదిలోకి వెళ్లింది. తలుపు వేసి ఉన్నా ఆమె గొంతు హాలంతా వినిపించింది. మర్నాటి నుంచి రాలేదు.

గంగాధర్ అన్న ఆ నెలలోనే ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత తాయిఫ్‌లో మా పని నడిచే సైటు నుంచి ఫోన్లు వచ్చేవి. ఏ డ్రాయింగు కొత్తదో చెప్పేవాళ్లు ఆఫీసులో లేరు.

నూఫ్ అకౌంట్ తీసేయమంటారా అని మేనేజర్‌ని అడిగాను. “ముట్టుకోకు. కాగితాల మీద ఆమె ఇంకా మన ఉద్యోగే” అన్నాడు.

మనిషిని పనిలోంచి తీసేయడమంటే అకౌంట్ ఆపడమేనని అంతవరకు అనుకునేవాణ్ణి. అకౌంట్ ఇచ్చి, ఏదీ తెరవనివ్వకుండా కూర్చోబెట్టినా అదే జరుగుతుందని అక్కడ తెలిసింది. ఇప్పుడు కొత్త యూజర్‌ను చేర్చమని ఎవరడిగినా, ఆ మనిషి ఏం పని చేస్తారని ముందు అడుగుతాను. చాలాచోట్ల జవాబు వెంటనే రాదు.