ఆదివారం లాప్‌టాప్ షికారు

అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద నడిచేవాడి చేతులు ఖాళీగా ఉండటం ఎవరికీ నచ్చదు. జావా కోర్సు కరపత్రం వద్దంటే టెస్టింగ్ కోర్సుది ఇస్తారు.

సాఫ్ట్‌వేర్ జోరు మీదున్న రోజుల్లో, పంజాగుట్టలో మా పక్కింటాయన ప్రతి ఆదివారం ఇంట్లోని పాత లాప్‌టాప్‌ను శాలువాలో చుట్టి, నన్ను తోడు తీసుకుని అటే బయల్దేరేవాడు. నేనాయన్ని భాయ్ అనేవాణ్ణి. ఆ లాప్‌టాప్‌కి మెమరీ పెంచితే సరిపోతుందా, కొత్తది కొనాలా అన్నది తేల్చాలి. కూతురు జావా నేర్చుకుంటోంది, ఇంటర్వ్యూలు దగ్గరపడుతున్నాయి.

కంప్యూటర్ల దుకాణంలో మీట నొక్కాక అది తెరుచుకోవడానికి చాలాసేపు పట్టేది. భాయ్‌కి ఆ సేపే ఇష్టం. తెర మీది నీలివెలుగు గడ్డం మీద పడుతుంటే, అరమోడ్పు కళ్లతో, "లేస్తది, జర ఆగు. మా బిడ్డ అద్దాల బిల్డింగుల కూసుంటది. ఏసీ సుత ఉంటది" అనేవాడు. రోడ్డు మీది బస్సుల మోత ఎక్కడో దూరంగా వినిపించేది. నేనూ కాసేపు ఆ బిల్డింగులోకి వెళ్లొచ్చేవాణ్ణి.

ఒక దుకాణదారు మెమరీ చాలన్నాడు, ఇంకొకాయన కొత్తదే మేలన్నాడు. భాయ్ ఇద్దరితోనూ మనస్ఫూర్తిగా ఏకీభవించాడు.

ఓ ఆదివారం ఆయన శాలువా చుడుతుంటే కూతురు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏం జేద్దాం బేటా? కొత్తదా, మెమరీనా?" అన్నాడు.

ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఆ అమ్మాయి, నాకూ అర్థం కావాలనేమో, తెలుగులోనే చెప్పింది.

"నాకు క్లాసులు లేంది ఆదివారమొక్కటే, అబ్బాజాన్. ఆ దినమే మీరు దీన్ని తిప్పుతుండ్రు. ఎల్లుండి నా ఇంటర్వ్యూ. దీన్ని ఇంట్ల పెట్టి మీరిద్దరు పోయి రాండ్రి."