మునస్వామి ఫోనులో రాసిన మాట

మదనపల్లె టమాటా మండీలో మునస్వామి వేలం పాడితే ఆ గొంతు బయట రోడ్డు మీదికి వినబడేది. పుంగనూరు రైతులు కూడా ఆయన పాడే మండీలోనే సరుకు దించేవాళ్లు. అలాంటి మనిషికి జబ్బు రావడం రావడం సరిగ్గా గొంతుకే వచ్చింది. 2007లో బెంగుళూరులో ఆపరేషన్ చేసి ప్రాణం మిగిల్చారు, మాట తీసేశారు.

బెంగుళూరులోనే పనిచేసే మేనల్లుడు వినోద్ ఒక ఫోను తెచ్చిచ్చాడు. సన్నటి పుల్లతో అద్దం మీద రాస్తే అక్షరాలుగా మారుస్తుంది. దానికి తెలుగు రాదు. టమాటా బాక్సుల మీద గుర్తులు చూసి చూసి మునస్వామికి ఇంగ్లీషు అక్షరాలొచ్చు. వాటితోనే తెలుగు మాటలు గీసేవాడు. గీత కాస్త వంకరపోతే ఫోను ఇంకో అక్షరం వేసేది. చెరిపి మళ్లీ గీయాలి. మంచినీళ్లని రాసేలోపు దాహమే చచ్చేది.

భార్య పాపమ్మకు ఏ అక్షరమూ రాదు. పక్కింటి స్వర్ణ మిషను మీద జాకెట్లు కుట్టుకుంటూ చదివిపెట్టేది.

"అత్తా, రసంలో ఉప్పెక్కువైందంట, మామ అంటాండాడు" అని నవ్వేది.

మొగుడూపెళ్లాల గొడవ కూడా పక్కింటావిడ నోటితో జరగడం ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

మరుసటేడు గొంతులో మళ్లీ గడ్డ లేచింది. డాక్టర్లు ఇంకో ఆపరేషన్ అన్నారు, నయమవుతుందని మాత్రం గట్టిగా చెప్పలేదు. మునస్వామి విసిగిపోయాడు. ఇక చాలు, నన్ను ఇంట్లోనే ఉండనీ. పాపమ్మకు ఈ ఒక్క మాట చెప్పాలి.

బెంగుళూరు బయలుదేరాల్సిన రోజు పొద్దున్నే కూర్చుని, ఒక్కో అక్షరమే గీసి ఆ మాట పూర్తిచేశాడు. ఫోను పాపమ్మ చేతిలో పెట్టి స్వర్ణ ఇంటివైపు చూపించాడు.

పాపమ్మ కదల్లేదు. అద్దం మీది అక్షరాలను చూసింది, ఆయన మొహం చూసింది.

"ఏం రాసినావో నాకు తెలుసు" అంది. "ఎవురితోనూ సదివించను. సదివిస్తే ఒప్పుకోవల్ల."

ఆయన ఫోను కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు, రొంటిన దోపుకుంది.

"బస్సుకు టైమైంది. సొక్కా ఏసుకో."

గొంతున్నప్పుడు మాత్రం ఈ మనిషి దగ్గర తన మాట ఎప్పుడు చెల్లింది కనుక, అనుకున్నాడు మునస్వామి. లేచి చేతులు చాచాడు. పాపమ్మే చొక్కా తొడిగింది. గుండీలు పెడుతూ ఏడ్చింది.