లాకుల దగ్గర ఆగే బండి

వంటగదిలో గ్యాస్ లైటర్ నొక్కితే వచ్చే ఆ చిన్న టక్ చప్పుడు నాకు ఇప్పటికీ పడదు. వానాకాలంలో మరీనూ. తేమ పట్టిన లైటరు ఎన్నిసార్లు నొక్కినా పొయ్యి అంటుకోదు. చివర నీలంగా ఒక చుక్క మెరిసి, వెళ్ళాల్సిన చోటికి వెళ్ళకుండా పక్కకి జారిపోతుంది. మా ఆవిడ విసుక్కుంటుంది. నేను మాత్రం చేస్తున్న పని ఆపి వింటాను. వింటూ ఉండగానే నా బుర్ర తనంతట తానే ఒక కూడిక మొదలుపెడుతుంది. ఆ పాత అంబాసిడర్ వల్ల మాకు పోయినవి ఏమిటి? మూడు సెట్ల స్పార్క్ ప్లగ్గులు. రెండు కండెన్సర్లు, ఒక కాయిల్, మంచి బ్యాటరీ ఒకటి. పదిహేనేళ్ళు నమ్మకంగా నడిపిన డ్రైవరు. అతని మేనకోడలి పెళ్ళిలో చూడలేకపోయిన ఒక ముహూర్తం. వీటన్నిటికంటే ముందు, ఒక మనిషి.

ఆ బండి సుభద్రమ్మ గారిది. కడియంలో ఆవిడ నర్సరీలో నేను లెక్కలు రాసేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆపేసి, వడ్డీలూ విస్తీర్ణాలూ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. నన్ను పనిలో పెట్టుకున్నది ఆవిడ భర్త చలపతిరావు గారే కానీ, నాకు ఆలోచించడం నేర్పింది ఆవిడ. ఒక ఏడాది గులాబీ అంట్లు వరసలకి వరసలు ఎండిపోతుంటే మేస్త్రీ కంగారుపడి నీళ్ళు తగ్గించాడు, ఎరువు మార్చాడు, నీడకి పైన ఇంకో వల కూడా కట్టించాడు. వారం తిరిగేసరికి అంట్లు చిగుళ్ళు వేశాయి. మేమంతా సంబరపడుతుంటే ఆవిడ మేస్త్రీని పట్టుకుని కడిగేశారు.

"మూడూ ఒకేసారి మార్చేస్తే ఏది బతికించిందో ఎవరు చెబుతారయ్యా? నీకు తెలుసా? మొక్కకి తెలుసా?"

"బతికాయి కదండి అమ్మగారూ..."

"బతికాయి. మనం నేర్చుకున్నదేంటి? మళ్ళీ ఏడాది ఇదే తెగులొస్తే మళ్ళీ మూడూ చేస్తావా? ఒక్కటి మార్చు. ఆగు. చూడు."

ఆ మూడు మాటలూ మేస్త్రీకి పట్టాయో లేదో గానీ నాకు పట్టాయి. అప్పటినుంచి లెక్క తేడా వచ్చిందంటే అన్ని కాగితాలూ తిరగేయడం మానేశాను. ఒక్క అంకె మార్చి, ఆగి, చూసేవాణ్ణి.

ఆవిడకి ఇంకో పద్ధతి ఉండేది. నర్సరీలోకి కొత్త వస్తువు ఏది వచ్చినా, కత్తెరైనా మోటారు పంపైనా, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టందే పనిలోకి దింపనిచ్చేవారు కాదు. దసరాకి పాతవాటికి కూడా మళ్ళీ బొట్లు. అంబాసిడర్ బానెట్ ఎత్తించి, లోపల చెయ్యి దూరినంత మేరా పెట్టేవారు. "పైపైన పెడితే అది బండికి అలంకారం, లోపల పెడితేనే పూజ" అని నవ్వేవారు.

చలపతిరావు గారు పోయింది పుష్యమాసంలో, పొగమంచు కమ్మిన ఒక తెల్లవారుజామున. గుండెల్లో నొప్పి అంటే డ్రైవర్ సత్తిబాబు ఆయన్ని వెనక సీట్లో ఎడంవైపు పడుకోబెట్టాడు. సుభద్రమ్మ గారు పక్కన కూర్చుని ఆయన తల ఒళ్ళో పెట్టుకున్నారు. రాజమండ్రి వెళ్ళడానికి కాలవ గట్టు దారి దగ్గర. ఆ దారిలో కాలవ నీటిని ఆపి వదిలే లాకులు ఉన్నాయి, వాటి తలుపుల మీంచి నీళ్ళు కిందకి దూకి ఎప్పుడూ తుంపర లేస్తూ ఉంటుంది. సరిగ్గా అక్కడ బండి ఆగిపోయింది. సత్తిబాబు తాళం ఎంత తిప్పినా ఇంజను అందుకోలేదు. చివరికి మొక్కల లోడుతో వెళ్తున్న లారీని ఆపి, ఆయన్ని అందులోకి ఎక్కించారు. ఆస్పత్రిలో డాక్టరు నాడి చూసి, "కాస్త ముందు తెచ్చుంటే" అన్నాడట. ఆ మాటని ఆవిడ ఆ తర్వాత ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఆ శీతాకాలం నుంచే మొదలైంది. ఎండ పొద్దున బండి ఎంత దూరమైనా పోయేది. మంచు పట్టిన ఉదయం మాత్రం లాకుల దగ్గరికి రాగానే, దగ్గనైనా దగ్గకుండా, ఎవరో చేత్తో మూసినట్టు ఇంజను ఆగిపోయేది. రాజమండ్రి మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే అక్కడ గడియారంలా నడిచేది. ఆయన ప్లగ్గు విప్పి ఇంజను ఇనుముకి ఆనించి తిప్పించి, నీలంగా దూకే నిప్పురవ్వని చూపించేవాడు. "కరెంటు భేషుగ్గా ఉందండి. నన్నేం చెయ్యమంటారు?"

ఒకసారి నేను కూడా ఆ బండిలో ఉన్నాను. సత్తిబాబు చెల్లెలి కూతురి పెళ్ళికని బయల్దేరాం. లాకుల దగ్గర ఇంజను ఆగింది. నీటి హోరు తప్ప ఇంకేమీ వినబడడం లేదు. అద్దాలకి అవతల అంతా తెల్లగా ఉంది, గట్టు ఎక్కడుందో కాలవ ఎక్కడుందో తెలియదు. సత్తిబాబు తాళం ముట్టుకోలేదు. డాష్‌బోర్డు అరలోంచి కొబ్బరికాయ తీశాడు.

"ఏంటి సత్తిబాబూ, ముందే పెట్టుకున్నావా?"

"ఆయ్. ఎప్పుడూ ఒకటుంచుతానండి. అయ్యగారు దిగుతారండి ఇక్కడ. ఎడం తలుపు కిర్రుమంటాది, ఇనండి."

విన్నాను. కిర్రుమంది. చల్లబడుతున్న రేకు చేసే చప్పుడని నాకు నేను చెప్పుకుంటూ వెనక్కి తిరిగాను. సుభద్రమ్మ గారు కుడివైపు అంచుకి ఒదిగి కూర్చున్నారు. ఎడంవైపు సీటు ఖాళీ. ఆవిడ చెయ్యి మాత్రం ఆ ఖాళీ మీద, ఒక తల ఉండాల్సిన ఎత్తులో ఆగి ఉంది. సత్తిబాబు కొబ్బరికాయ కొట్టి, అగరొత్తులు వెలిగించి, గట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపటికి ఆవిడ ఖాళీ సీటు వైపు చూసి, మామూలు గొంతుతో, "వెళ్దామా మరి?" అన్నారు. సత్తిబాబు వచ్చి తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే అందుకుంది. మేం వెళ్ళేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి.

ఇంటికి రాగానే ఆవిడ బానెట్ ఎత్తించి, ఆలస్యమైనా తీసుకెళ్ళి తెచ్చినందుకు, లోపల ఇంకో బొట్టు పెట్టారు.

ఆ వేసవిలో సత్తిబాబు పని మానేశాడు. "జీతం గురించి కాదండి. వెనకనించి నన్ను పిలుత్తారేమోనని మెడ తిప్పలేకపోతున్నానండి" అన్నాడు. తాళాలు నా చేతికొచ్చాయి. ఆ సాయంత్రం ఆవిడ నన్ను పిలిచి కూర్చోమన్నారు.

"శ్రీనివాసూ, ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. నేనేమనుకుంటున్నానో నాకే తెలియట్లేదు. అక్కడ ఆగుతున్నది ఆయనైతే నాకు ఆయన చెప్పాలి. బండైతే నువ్వు చెప్పాలి. ఏదో ఒకటి తేల్చు."

"ఆయనైతే ఏం చేస్తారండి?"

"ఇంకా పొద్దున్నే బయల్దేరతాను. కాసేపు ఎక్కువ ఉండొచ్చు."

నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

ఆవిడ నేర్పిన పద్ధతే పట్టుకున్నాను. మొదట ప్లగ్గులు మార్చాను. మంచు పట్టే ఉదయం వచ్చేదాకా ఆగాను. బండి లాకుల దగ్గర ఆగింది. తర్వాత కండెన్సర్. ఆగింది. కాయిల్ మార్చాను. మళ్ళీ అక్కడే. ఒక్కొక్కటి మార్చి, ఆగి, చూస్తూ రెండో శీతాకాలం గడిచిపోయింది. ఒక్కణ్ణే ఆ తెలుపులో కూర్చుని నీటి హోరు వింటున్నప్పుడు, తిరిగి చూడకూడదనుకుంటూనే అద్దంలోంచి వెనక సీటు చూసేవాణ్ణి. ఎవరూ ఉండేవారు కాదు. అయినా బండి అందుకోగానే వెనకభాగం కొంచెం కిందకి దిగినట్టు, ఒక మనిషి బరువు ఎక్కినట్టు అనిపించేది.

మంచు కోసం ఎదురుచూడడం ఎందుకు, మంచునే బండి దగ్గరికి తేవచ్చు కదా అన్న ఆలోచన నర్సరీలో నారు మీద నీళ్ళు చల్లుతుండగా వచ్చింది. పట్టపగలే బండిని షెడ్డులోకి, పొగగొట్టం బయట ఉండేలా పెట్టించాను. బానెట్ ఎత్తి, ఫ్యానుకి తగలకుండా పైన వెదురుబద్దలు కట్టి, టార్పాలిన్ కప్పాను. లోపల చీకటి. ఇంజను నడుస్తోంది. చేతి స్ప్రేయరు తీసుకుని నా వెనకే సుభద్రమ్మ గారు కూడా టార్పాలిన్ కిందకి తల దూర్చారు.

"ఎక్కడ చల్లమంటావు?"

"పైనుంచి సన్నగా చల్లండి. లాకుల దగ్గర పడ్డట్టు."

తుంపర పడింది. ముందు ఏమీ లేదు. తర్వాత టక్ అని ఒక చప్పుడు. మళ్ళీ టక్. ఆ చీకట్లో నీలంగా, సన్నగా, ప్రాణమున్నదానిలా ఒకటి కదిలింది. కరెంటుని నాలుగు ప్లగ్గులకీ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మీద పాకి, చుక్క నుంచి చుక్కకి దూకి, ఇనుములోకి ఇంకిపోయింది. అది వెలిగినప్పుడల్లా లోపల ఎర్రటి కళ్ళలాంటివి తెరుచుకుంటున్నాయి. మూత మీద, కాయిల్ మూతి చుట్టూ, ప్రతి ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద.

"ఏంటయ్యా అది? పురుగా?"

"కాదండి. కరెంటండి. ప్లగ్గులోకి వెళ్ళాల్సింది పైనుంచే పారిపోతోంది."

"దేని మీంచి?"

నేను ఇంకాస్త దగ్గరికి వంగాను.

"దేని మీంచయ్యా?"

"బొట్ల మీంచండి. పొడిగా ఉన్నంతసేపూ ఏమీ కాదు. తడిస్తే దారి ఇస్తున్నాయి."

అప్పుడే ఇంజను ఆగిపోయింది. లాకుల దగ్గర ఆగినట్టే, దగ్గకుండా. నేను ఒక్కటే మారుస్తున్నాననుకున్నాను. బిగించిన ప్రతి కొత్త సామానుకీ ఆవిడ వెనకనుంచి వచ్చి రెండో మార్పుగా ఒక బొట్టు చేరుస్తూనే ఉన్నారు. కాసేపు ఆగితే బండి ఎందుకు కదిలేదో కూడా తెలిసింది. ఇంజను వేడికి బొట్లు ఆరిపోయేవి. కొబ్బరికాయకి పట్టే సమయమే వాటికీ పట్టేది.

"అంటే ఆయన కాదన్నమాట" అన్నారు ఆవిడ.

గుడ్డ పెట్రోల్లో ముంచి నేను తుడవబోతే లాక్కున్నారు. "పెట్టింది నేను. నేనే తీస్తాను." పొరలు పొరలుగా ఊడివచ్చాయి, ఎరుపు కింద పసుపు, పసుపు కింద పాత ఎరుపు. అన్నిటికీ అడుగున, డిస్ట్రిబ్యూటర్ మూత మీద, వెంట్రుకలాంటి నల్లటి గీత ఒకటి కాలి ఉంది. కరెంటు పోయిపోయి చేసుకున్న దారి. ఆవిడ దాన్ని గోటితో తడిమి చూశారు.

"ఇది ఆయన పోకముందుదా, తర్వాతదా?"

గీతని చూసి వయసు చెప్పడం నాకు తెలియదు. మెకానిక్కుకీ తెలియదు.

కొత్త మూత బిగించాను. ఈసారి దానికి ఎవరూ బొట్టు పెట్టలేదు. తర్వాతి మంచు ఉదయం ఆవిడ్ని ఎక్కించుకుని బయల్దేరాను. లాకులు దగ్గరపడ్డాయి. తుంపర అద్దం మీద పడింది. ఇంజను ఆగలేదు. ఎక్కడా తడబడకుండా దాటేశాం. అద్దంలో చూస్తే ఆవిడ సీటుకి మధ్యలో కూర్చుని ఉన్నారు. ముఖంలో ఊరట లేదు. దిగాల్సిన రేవు దాటాక గుర్తొచ్చి వెనక్కి చూసే మనిషిలా, ఒక్కసారి వెనకద్దంలోంచి లాకుల వైపు చూశారు.

"ఇప్పుడాయన ఎక్కడ దిగుతారు?" అన్నారు, నాతో కాదు.

ధవళేశ్వరం దగ్గరపడుతుండగా నన్ను అడిగారు. "ఆ రోజు లారీ వచ్చేదాకా ఎంతసేపు ఆగామో సత్తిబాబు చెప్పాడా?"

"ఇరవై నిమిషాలన్నాడండి."

"అందులో నా బొట్టు వాటా ఎంత?"

నేను లెక్కలవాణ్ణి కదా, వెంటనే భాగించడం మొదలుపెట్టాను. అప్పటికే బ్యాటరీ పాతది. సత్తిబాబు కంగారులో యాక్సిలరేటర్ తొక్కేసి ప్లగ్గులు పెట్రోలుతో తడిపేసి ఉంటాడు. మంచు మామూలుకంటే ఎక్కువ. ఆ నల్లగీత అప్పటికి ఉందో లేదో. ఒక్కదాన్ని మార్చి, ఆగి, చూడడానికి ఆ ఉదయం మళ్ళీ రాదు. ఏమీ లేదండి అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. కానీ అలాంటి మాట ఆవిడ ఒప్పుకోరు, నేను అలా చెప్పడం ఆవిడ దగ్గర నేర్చుకోలేదు.

"చూసి చెబుతానండి" అన్నాను.

ఆ తర్వాత ఆవిడ ఆరేళ్ళు బతికారు. ప్రతి శీతాకాలం, మొదటి మంచు పడిన రోజున, ఆఫీసు గుమ్మంలో నిలబడి, "తేలిందా శ్రీనివాసూ?" అని అడిగేవారు. "ఇంకా లేదండి" అనేవాణ్ణి. తల ఊపి వెళ్ళిపోయేవారు. బండి ఇప్పుడు నా దగ్గరే ఉంది. లాకుల మీదుగా ఎన్నోసార్లు వెళ్ళాను, ఒక్కసారి కూడా ఆగలేదు. మంచులో దాటుతున్నప్పుడు మాత్రం వెనక సీటు వైపునుంచి ఆ ప్రశ్న వినబడుతుంది. ఒట్టి అలవాటే అయ్యుంటుంది. అయినా జవాబు చెప్పకుండా దాటలేను, పైకే అంటాను, "ఇంకా లేదండి" అని. సున్నాకీ ఇరవైకీ మధ్య ఎక్కడో ఉన్న ఆ అంకె ఆవిడకి నేను ఇప్పటికీ బాకీ.