ఇద్దరి పేరున ప్రాగ్ నడక

ప్రాగ్ నగరాన్ని నేను మొదట సింగపూర్‌లో, మేముండే బుకిట్ బటోక్‌లో చూశాను. చూపించింది మా ఆవిడ.

అక్కడి పాత నగరంలో గైడ్‌తో మూడు గంటల నడక. ఇద్దరికీ కలిపి తనే బుక్ చేసింది. తనకి మోకాళ్ళ నొప్పులు. అంతసేపు నడవగలనో లేదోనని రోజూ సాయంత్రం మా అపార్ట్‌మెంట్ బ్లాకుల మధ్య సాధన మొదలుపెట్టింది. మార్కెట్ పక్కనున్న ఫుడ్ సెంటర్ పాత నగరపు కూడలి. రోడ్డు దాటే వంతెన చార్లెస్ వంతెన. అక్కడ రెండు వైపులా రాతి విగ్రహాలుంటాయి, ఇక్కడ కాగితంపూల తొట్లు. గైడ్ కూడా తనే.

"ఎడం పక్కకి చూడండి. పదిహేనో శతాబ్దపు చెత్తకుండీ. ఫొటోలు తీసుకోవచ్చు."

"మరి కోట ఎక్కడ?"

"మీ నడక చూసి అదే దిగి వస్తోంది. ఆగండి."

ఫుడ్ సెంటర్ చేరగానే ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టేది. సింగపూర్‌లో అందరూ చేసే పనే. చోప్ చెయ్యడం అంటారు. పొట్లం ఉందంటే ఆ చోటు ఒకరిదని అర్థం, ఎవరూ కూర్చోరు. తను కాళ్ళు చాపుకుంటే నేను వెళ్ళి కాఫీలు తెచ్చేవాణ్ణి.

"అక్కడా ఇలాగే, కూడలిలో పాత గడియారం ఎదురుగా కూర్చుని తాగాలండీ. నిలబడి తాగితే నేనొప్పుకోను" అనేది.

ప్రయాణం ఇంకా ఏడు వారాలుందనగా తను పోయింది. గుండెపోటు.

సింగపూర్‌లోనే టాంపినీస్‌లో ఉండే మా అమ్మాయి వాళ్ళమ్మ విమానం టికెట్ రద్దు చేసింది. నడక సంగతి నేను చూసుకుంటానన్నాను. తేదీని మరుసటి ఏడాదికి మార్చాను. ఎంతమంది అన్న గడిలో రెండు అని ఉంది. దాన్ని మార్చలేదు.

సంవత్సరీకం అయ్యాక ప్రయాణమయ్యాను. "నేనూ రానా నాన్నా?" అంది అమ్మాయి. వద్దన్నాను. "ఓకే లా" అంది సింగపూర్ యాసలో. "కానీ రోజూ మెసేజ్ పెట్టాలి. తినకుండా తిన్నానని చెప్పకూడదు."

ప్రాగ్‌లో పౌడర్ టవర్ అనే నల్లటి పాత బురుజు కింద కలవమన్నారు. గైడ్ మా అమ్మాయి కంటే చిన్నది. చేతిలో కాగితం చూసుకుంటూ, "మీరు ఇద్దరు కదా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"వెనక వస్తోంది" అన్నాను.

తను లేదని అప్పటిదాకా నా నోటితో ఎవరికీ చెప్పలేదు. బుకిట్ బటోక్‌లో తెలిసినవాళ్ళందరికీ తెలుసు. చెప్పాల్సిన అవసరమే రాలేదు.

వీధుల్లో ఎగుడుదిగుడుగా రాళ్ళు పరిచి ఉన్నాయి. మేము సాధన చేసింది నున్నటి సిమెంటు మీద. తన మోకాళ్ళకి కష్టమయ్యేదే. ఆగిన ప్రతిచోటా గైడ్ మా గుంపుని లెక్కపెట్టేది. పదకొండు. పన్నెండో మనిషి కోసం వీధి చివరి దాకా చూస్తూ కాసేపు నిలబడేది. ఒకాయన చేతి గడియారం చూసుకున్నాడు. నేను నా బూట్లు చూసుకున్నాను.

కూడలిలో ఒక పక్క జంట శిఖరాల చర్చి, ఎదురుగా పాత గడియారం. గంట కొట్టేటప్పుడు పైన చిన్న కిటికీల్లో అపొస్తలుల బొమ్మలు ఒక్కొక్కటే కనబడి వెళ్ళిపోతాయి. కింద ఒక అస్థిపంజరం బొమ్మ తాడు లాగుతుంది. ఆ బొమ్మ సంగతి మా ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. చదివే ఉంటుంది.

తర్వాత ఇరవై నిమిషాలు విరామం ఇచ్చారు. ఒక కాఫీ హోటలు బయట వేసిన ఖాళీ బల్ల చూసుకుని, గడియారం కనబడేలా ఉన్న కుర్చీలో టిష్యూ పొట్లం పెట్టి లోపలికి వెళ్ళాను. రెండు కాఫీలు పట్టుకుని వచ్చేసరికి ఆ కుర్చీలో గైడ్ కూర్చుని ఉంది. పొట్లం నాకు అందించింది.

"ఇక్కడ మర్చిపోయారు. మీ ఆవిడ ఫోన్ చేశారా? నేరుగా వంతెన దగ్గరికి రమ్మందామా?"

ఆ పొట్లానికి అక్కడ ఏ అర్థమూ లేదు. ఎందుకు పెట్టానో చెప్పాలంటే మొత్తం చెప్పాలి.

"ఆవిడ రారు. పోయి ఏడాది దాటింది. మిమ్మల్నందరినీ ఊరికే ఆపాను, క్షమించండి."

గైడ్ గబుక్కున లేవబోయింది. కూర్చోమన్నాను. రెండో కాఫీ ఆమె ముందు పెట్టాను. గడియారం చూస్తూ తాగింది. అమ్మాయికి మెసేజ్ పెట్టాను: కాఫీ తాగాను, కూర్చునే.

చార్లెస్ వంతెన మొదట్లో గైడ్ మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండు. ఈసారి వీధి వైపు చూడలేదు.

"అందరూ వచ్చారు. పదండి" అంది.