కుక్కల శాఖకు సలహాదారు

మా కాలనీలో నన్ను "కుత్తేవాలే భాయ్‌సాబ్", అంటే కుక్కలాయన, అని పిలుస్తారు. పాలప్యాకెట్‌కి దిగినా అదే పిలుపు, లిఫ్టులో ఎదురుపడినా అదే. అసలే నాకు ముక్కు మీద కోపం. అయినా నవ్వి ఊరుకునేవాణ్ణి. ఏం చేస్తాం, చేసే ఉద్యోగం అలాంటిది మరి.

ఒకప్పుడు ఢిల్లీ బేర్ సరాయ్‌లో అగ్గిపెట్టెంత గదిలో ఉండి సివిల్స్‌కి చదివాను. అధికారిని కాలేకపోయాను, అధికారులకు సలహాలు చెప్పే కంపెనీలో చేరాను. ప్రభుత్వం కొత్త శాఖ ఏదైనా పెట్టాలనుకుంటే ఎందరు మనుషులు కావాలి, ఎవరి మాట ఎవరు వినాలి, ఏ పాత విభాగం పని ఇటు రావాలి, ఇవన్నీ మేం రాసిస్తాం. ఢిల్లీని ఆనుకుని ఉన్న మా ఊరి మునిసిపల్ ఆఫీసు వాళ్ళు వీధికుక్కల కోసం విడిగా ఒక శాఖ పెట్టాలనుకున్నారు. అంతవరకూ కుక్క కరిచిందని ఎవరైనా ఫోన్ చేస్తే ఆరోగ్య విభాగం పారిశుద్ధ్యం వాళ్ళ మీదికి నెట్టేది, వాళ్ళు మళ్ళీ వీళ్ళ మీదికి. ఎలాగో తంటాలు పడితే కుక్కల్ని పట్టుకుపోయే బండి మాత్రం వచ్చేది. ఈ గోల తేల్చమని కంపెనీ నన్ను పంపింది.

మొదటిరోజే అక్కడి పెద్ద అధికారి టీ తాగిస్తూ ఉన్నమాట చెప్పేశాడు. "శాఖ పెట్టడం మాకు రాదా బేటా? రేపు జనం మీద పడితే చూపించడానికి ఒక మొహం కావాలి." జోకు అనుకుని నేనూ నవ్వాను.

ఆ ఎండాకాలం మా తొమ్మిదేళ్ళ పాపని కుక్క కరిచింది. పరుగెత్తుతూ దాని తోక తొక్కిందట, పిక్కలో పళ్ళు దిగిపోయాయి. మెట్ల మీద రక్తం చూసేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతికందిన కర్ర పట్టుకుని కిందికి పరుగెత్తాను. ఆ కుంటి గోధుమరంగు కుక్క కింది ఫ్లాట్ ఆంటీ గుమ్మంలో దాక్కుంది. ఆవిడ ఒంటరి పంజాబీ ముసలావిడ, రోజూ దానికి రొట్టెలు పెట్టేది ఆవిడే. నోటికొచ్చిన బూతులన్నీ తెలుగులోనే తిట్టాను. ఆవిడ తలుపుకి అడ్డంగా నిలబడి అన్నీ విన్నది.

పాపకి కుక్కకాటు సూదుల్లో మొదటిది వేయించి తెచ్చాం. సాయంత్రం ఆంటీ పాప కోసం ఖీర్ పట్టుకుని పైకొచ్చింది. "తప్పు దానిదే బేటా. పట్టుకుపొమ్మను, నేను అడ్డం రాను. కానీ కాలనీవాళ్ళు కర్రలు సిద్ధం చేసుకుంటున్నారు. కొట్టి చంపనివ్వకు. నువ్వు ఆ ఆఫీసులోనే ఉన్నావుగా, ఒక్క బండి పిలిపించు." నా కోపం చల్లారలేదు. అయినా గిన్నె నా చేతిలో పెట్టి ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోతే కాదనలేకపోయాను.

"బండి వస్తుంది ఆంటీ. అప్పటిదాకా దాన్ని ఎవడూ ముట్టుకోడు. పూచీ నాది," అన్నాను.

మర్నాడు ఆరోగ్య విభాగానికి ఫోన్ చేస్తే గుమాస్తా విసుక్కున్నాడు. "బండ్లు ఆపేశాం సార్. కొత్త శాఖ వస్తోందిగా, ఇప్పుడా పని మాది కాదు." పారిశుద్ధ్యం వాళ్ళదీ అదే పాట.

"మరి ఎప్పుడు కదులుతాయయ్యా?"

"కన్సల్టెంట్ రిపోర్టు రావాలి సార్."

"ఆ కన్సల్టెంట్ నేనే!"

"అచ్ఛా? అయితే త్వరగా రాసేయండి," అని పెట్టేశాడు. నేను ఫోన్‌ని గోడకేసి కొట్టాను. మా ఆవిడ ముక్కలు ఏరుతూ, "ఇప్పుడు పెద్దాయనకి దేంతో చేస్తారు?" అంది. ఆవిడ ఫోన్‌తో చేశాను. పెద్ద అధికారి ఎత్తలేదు.

బండి రాలేదు. ఆదివారం పొద్దున్నే కింద కేకలు లేచాయి. రెండో అంతస్తు రిటైర్డ్ బ్యాంకాయన చేతిలో హాకీ కర్ర, జిమ్ కుర్రాడి చేతిలో ఇనపరాడ్డు, వెనక ఇంకో నలుగురైదుగురు. స్కూటర్ల వెనక కుక్కని మూలకు తోశారు. మొదటి దెబ్బ నడుం మీద పడింది. నేను మెట్లు దిగేలోగా ఆంటీ వెళ్ళి దాని మీద పడిపోయింది. ఎత్తిన రాడ్డు ఆగలేదు. ఆవిడ కుడిచెయ్యి ఫెళుక్కుమన్న చప్పుడు నాకు మెట్ల దగ్గరికే వినిపించింది. చున్నీ పట్టుకుని ఆవిడని పక్కకు ఈడ్చి మళ్ళీ మొదలుపెట్టారు.

నేను జిమ్ కుర్రాడి కాలర్ పట్టుకుని మొహం మీద గుద్దాను. పెదవి చిట్లి వాడి రక్తం నా చొక్కా మీద పడింది. హాకీ కర్ర నా వీపు మీద విరిగింది.

"పాగల్ హో గయే క్యా? మీ పాప కోసమేగా కొడుతున్నాం భాయ్‌సాబ్!" అని బ్యాంకాయన అరిచాడు.

"నోర్ముయ్, పళ్ళు రాలగొడతా!" అని తెలుగులోనే అరిచి ఆయన్నీ తోసేశాను. పై నుంచి మా పాప బాల్కనీ పట్టుకుని "ఆంటీకో మత్ మారో!" అని, ఆంటీని కొట్టొద్దని ఏడుస్తోంది. నన్ను ఇద్దరు పట్టుకుని గోడకి అదిమారు. మిగిలినవాళ్ళు పని పూర్తిచేశారు. కుక్క దవడ వేలాడిపోయిన తర్వాత కూడా కొట్టారు. పోలీసులు వచ్చి, అందరూ ఒక్క కాలనీవాళ్ళేగా అని రాజీ చేసి వెళ్ళిపోయారు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆటోలో ఆంటీ నా మొహం చూడలేదు.

నెల తిరక్కుండానే ప్రజల అభిప్రాయాలు వినే సభ పెట్టారు. ఇలాంటి సభల్లో అధికారులు వేదికెక్కరు, వెనక వరసలో కూర్చుంటారు. వేదిక మీద నేనొక్కణ్ణే. హాల్లో ఒకవైపు కుక్కలు కరిచిన పిల్లల తల్లిదండ్రులు, ఇంకోవైపు కుక్కలకు అన్నం పెట్టేవాళ్ళు. కాసేపటికి కుర్చీలు లేచాయి. ఒకాయన నుదురు పగిలింది, ఎవరి జుట్టో ఎవరి చేతిలోనో ఉంది. ఆ రభసలోంచి కట్టు కట్టిన చేత్తో ఆంటీ వేదిక ఎక్కింది. ఎడమచేత్తో నా దగ్గర మైకు తీసుకుంది. జనం సద్దుమణిగారు.

"బండి ఎవరు పంపాలి?" అని అడిగింది.

పెద్ద అధికారి వెనక వరసలో లేచి చేతులు జోడించాడు. "అంతా ఆయన రిపోర్టు మీదే ఆగి ఉంది మాతాజీ," అని నన్ను చూపించాడు.

ఆవిడ మైకు తిరిగి నా చేతిలో పెట్టింది. ఖాళీ అయిన ఆ ఎడమచేత్తోనే లాగి కొట్టింది. చెవి గింగిరాలెత్తింది. హాల్లో ఈలలు, చప్పట్లు. నన్ను ఎవరైనా కొడితే తిరిగి కొట్టకుండా ఉన్నది బతుకులో ఆ ఒక్కసారే. పెద్ద అధికారి హాయిగా కూర్చున్నాడు.

ఆవిడ మెట్లు దిగబోతూ ఆగింది. వెనక్కి తిరిగి నా కళ్ళలోకి చూసింది.

"నీ బిటియాకి ఆఖరి సూది వేయించావా?"

"రేపు ఆంటీ," అన్నాను. మైకు ఇంకా ఆపలేదు, హాలంతా వినిపించింది.

"మరిచిపోకు," అని దిగి వెళ్ళిపోయింది.